చేతికి తెలిసిన ముడి

సిరిసిల్లలో సాంచాలు, అదే మరమగ్గాలు, ఆగాక అంబదాస్ ఆరు నెలలు అరుగు అరగదీశాడు. ఊళ్లో పని లేక కాదు, బట్టలు కుట్టే ఫ్యాక్టరీ మనుషుల కోసం అరుస్తూనే ఉంది. బిడ్డ ఈడు ఆడపిల్లల మధ్య కూర్చోవడానికి ఆయన మీసం ఒప్పుకోలేదు. పొయ్యి ఆరేసరికి మీసం దిగొచ్చింది. ఇవాళ ఆ ఫ్యాక్టరీలో కుట్టు మిషన్ ముందు పరీక్షకు కూర్చున్నాడు. సగం కుట్టులో దారం తెగింది. మగ్గం మీద పోగు తెగితే ముడేయడం ముప్పై ఏళ్ల అలవాటు. వేళ్లు ఆయన్ని అడగనైనా అడగకుండా ముడేశాయి. ముడి సూది బెజ్జంలో ఇరుక్కుంది, సూది విరిగింది.

"మామా, గిది సాంచా కాదు," అంది సూపర్‌వైజర్ రచన, మొన్నటిదాకా బీడీలు చుట్టిన పిల్ల, కొత్త సూది బిగిస్తూ. "తెగితే మొదటి నుంచి ఎక్కియ్యాలె. ఇంకొక్కసారే చూస్త."

దారం మళ్లీ తెగింది. వేళ్లు దగ్గరకొచ్చాయి. అంబదాస్ పిడికిలి బిగించి, ఊపిరి పీల్చుకుని, దారం మొదటి నుంచి ఎక్కించాడు. కుట్టు చివరిదాకా వచ్చింది. రచన గుడ్డను వెలుతురుకు పట్టి అటూ ఇటూ తిప్పి చాలాసేపు చూసింది.

"రేపు పొద్దుగాల రా, మామా."

లేవబోతూ ఒళ్లోని తువ్వాల చూసుకున్నాడు. ఆమె గుడ్డ చూస్తున్నంతసేపూ ఆయన వేళ్లు తువ్వాల అంచు కుచ్చులన్నీ ముడేసి పెట్టాయి.