పసులపోలిగాడు, పోలయ్య

పొద్దున్నే పత్తిచేలో అడుగుపెట్టగానే డేగ అరుపు వినిపించింది. పురుగులేరుకుంటున్న గోరింకలు గుంపుగా లేచిపోయాయి. తలెత్తి చూస్తే డేగా లేదు, పాడూ లేదు. పిట్టలు వాలడానికని నేనే పాతిన కర్ర మీద, చీలిన తోకతో, నల్లగా నిగనిగలాడుతూ పసులపోలిగాడు కూర్చుని ఉన్నాడు. డేగ గొంతు దొంగిలించి గోరింకల్ని బెదరగొట్టి, అవి వదిలేసిన పచ్చపురుగుని తాపీగా మింగుతున్నాడు. అబద్ధమాడి కడుపు నింపుకునే పిట్ట మా దర్శి చుట్టుపక్కల అదొక్కటే. మనుషుల్లో నేనున్నాను. మా కల్లంలో మిరపకాయలు తిరగేస్తే ఆ ఘాటుకి సింగరాయకొండలో ఆగిన రైలు తుమ్మి కదిలిందని పదిమందిని నమ్మించినవాణ్ణి. ఆ పిట్ట గొంతు విన్నప్పుడల్లా నా అబద్ధాలకు హద్దు గీసిన మనిషి గుర్తొస్తాడు. ఆయన పేరు పోలయ్య. ఆ పేరుతో ఆయన్ని పిలవడానికి నాకు ముప్ఫయ్యేళ్ళు పట్టింది.

పోలయ్య మా ఊరి గేదెల మంద కాసేవాడు. మా నాన్న ఈడువాడు. అయినా నిన్నగాక మొన్న మాటలొచ్చిన పిల్లల దగ్గర్నుంచి అందరికీ "ఒరే పోలిగా"నే. నేనూ అంతే. ఆయన మాత్రం నన్ను "అబ్బాయిగారూ" అనేవాడు. అందులో తేడా ఉందని నాకెప్పుడూ తోచలేదు.

ఒకసారి గేదె వీపు మీద స్వారీ చేస్తున్న ఆ పిట్టను చూపించి, పట్నం నుంచి వచ్చిన చుట్టానికి ఉపన్యాసమిస్తున్నాను: గేదె ఒంటి మీది పిడుదుల్ని ఏరిపారేసే డాక్టరు అదేననీ, చెవిలో ముక్కు పెట్టి జబ్బు కూడా కనుక్కుంటుందనీ. పోలయ్య కర్రకు గడ్డం ఆనించి విన్నాడు. చుట్టం వెళ్ళాక అన్నాడు:

"అబ్బాయిగారూ, అది గేదె ఒంటి మీద ఏమన్నా తిన్నదా?"

"వీపు మీదే కూర్చుంది కదరా!"

"కూర్చుంది. తినేది ఎక్కడో చూడండి."

అరగంట నిలబెట్టాడు. గేదె అడుగేసినప్పుడల్లా గడ్డిలోంచి మిడతలు లేచేవి. పిట్ట రివ్వున దిగి, గాల్లోనే ఒకదాన్ని పట్టి, మళ్ళీ వీపెక్కేది. పిడుదుల జోలికే పోలేదు.

పోలయ్య చేతికర్రతో నేల మీద గీత గీశాడు. "ఇంతవరకూ మనం చూసింది. ఆ పక్కన మీ ఇష్టం, ఎంతన్నా చెప్పుకోండి. గీత మాత్రం చెరపబాకండి."

ఆ గీతను నేను చెరిపిన రోజు ఒకటుంది. బ్రాడీపేటలో ఉండి చదువుకుంటున్న శ్రావణి అనే అమ్మాయి, పిట్టల తెలుగు పేర్లు పోగుచేస్తూ మా ఊరొచ్చింది. పసులంటే పశువులని ఆ అమ్మాయికి తెలుసు. పోలిగాడెవరన్నదే ప్రశ్న. ఆ ప్రశ్న అడిగింది నన్ను! మా మందకాపరి తాత కూడా పోలిగాడేననీ, ఆయన భుజం మీద ఒక నల్లపిట్ట కాపురముండేదనీ, గాలివానలో ఆయన స్పృహ తప్పితే ఆ పిట్టే ఈలవేసి గేదెలన్నిటినీ ఇళ్ళకు తోలుకొచ్చిందనీ, అప్పట్నుంచీ దానికి ఆయన పేరే పెట్టారనీ చెప్పాను. ఆ అమ్మాయి కళ్ళు పెద్దవి చేసుకుని రాసుకుంది.

"ఇది తప్పకుండా పుస్తకంలో వేస్తానండి. ఆయన మనవడు ఉన్నారన్నారుగా?"

"ఒరే పోలిగా! ఇట్రా!"

ఆయన వచ్చి కథంతా విన్నాడు. శ్రావణి వెనక నుంచి నేను కన్ను కొడుతూనే ఉన్నాను. ఔనంటే చాలు, ఆయన వంశం పుస్తకానికెక్కుతుంది.

"మా తాత పేరు వెంకడమ్మా," అన్నాడు పోలయ్య. "గేదెలు నిజం. గాలివానా వచ్చే ఉండుద్ది. పిట్ట తోలుకురావడం మటుకు అబ్బాయిగారి చలవ."

ఆ అమ్మాయి నవ్వుతూ రాసిందంతా కొట్టేసింది. నా చెవులు పండుమిరపకాయలయ్యాయి.

"మరి ఆ పేరెలా వచ్చిందండీ?"

"ఎవరికి తెలుసమ్మా! నేను పుట్టకముందే ఉంది. పోలేరమ్మ పేరు పెట్టుకున్నోళ్ళు మాలో ఇంటికొకరు. పసులెంట తిరిగేవాళ్ళలో పోలిగాళ్ళే ఎక్కువ. ఆ పిట్టా పసులెంటే తిరుగుద్ది, అట్టా పిలిచి ఉంటారు. ఇది నా ఊహ, ఊహ అనే రాసుకో. మా అమ్మ పుట్టినూళ్ళో దాన్ని ఏట్రింత అంటారు. అది మటుకు చెవులారా విన్నాను."

"మీ పేరేమని రాయమంటారు?"

"పోలిగాడనే రాయమ్మా, పిట్టకీ మనోడికీ జత కుదురుద్ది," అన్నాను, పోయిన పరువు కొంతన్నా తెచ్చుకుందామని.

పోలయ్య నా వైపు చూడలేదు. "పిట్టని గాడంటే దానికేం తెలుసుద్దమ్మా. నాకు తెలుసుద్ది. పోలయ్య అని రాయి."

ఆయన నోరు తెరిచి తనకోసం ఒకటి అడగడం నేను చూసింది అదే మొదలు. మర్నాడు మంద దగ్గరికి వెళ్ళి "పోలయ్యగారూ" అన్నాను. ఎవరొచ్చారోనని ఆయన వెనక్కి తిరిగి చూశాడు. అక్కడెవరూ లేరని తేలాక, "గారెందుకులెండి, బరువు. అయ్య చాలు," అన్నాడు.

నేనొక్కణ్ణి పిలిస్తే సరిపోతుందా? నీతులు చెబితే వినే ఊరు కాదు మాది. అందుకని నాకు చేతనైన పనే చేశాను. పోలయ్యను గాడన్నవాణ్ణి ఆ పిట్ట గుర్తుపెట్టుకుని నెత్తి మీద పొడుస్తుందని ఓ కథ పుట్టించాను. టీ కొట్టు దగ్గరి తుమ్మచెట్టు మీద అప్పుడు దాని గూడుంది. గూట్లో పిల్లలున్నన్నాళ్ళూ కిందనుంచి పోయే ఎవరినైనా అది పొడుస్తుంది. ఆ ముక్క నేను చెప్పలేదు. సరిగ్గా ఆ చెట్టు కింద నిలబడి "ఒరే పోలిగా!" అని కేకేసిన మా బాబాయి నెత్తి మీద పడిన ఒక్క దెబ్బతో ఊరందరికీ మర్యాద వచ్చేసింది. వారం తిరక్కుండా బాబాయే, తలకు తుండుగుడ్డ బిగించుకుంటూ, "పోలయ్యా, టీ తాగుతావా?" అన్నాడు.

పోలయ్య గ్లాసు అందుకుని నా పక్కకు జరిగాడు. "ఈ పిట్ట కథ గీతకి ఎటు పక్కదండీ?"

"అటు పక్కదే, పోలయ్యా. చెరిపెయ్యమంటావా?"

గ్లాసు ఖాళీ చేసి కొట్టు బల్ల మీద పెట్టాడు.

"ఉండనీండి," అన్నాడు.

ఇప్పుడు పోలయ్య లేడు. బీళ్ళన్నీ మిరపతోటలయ్యాక మందా లేదు. పిట్ట గేదె వీపు దిగి నా చేలో కర్రెక్కింది. పసులు పోయినా దాని పేరులో మాత్రం ఇంకా మేస్తూనే ఉన్నాయి. నేను కోతలు కొయ్యడం మానలేదు. కానీ కోయబోయే ముందు కాలి బొటనవేలు దానంతటదే నేల మీద గీత గీస్తుంది. తెలిసినవాళ్ళు అది చూసి, ఇక మొదలెడతాడని సర్దుకుని కూర్చుంటారు.

ఇందాక కలుపుతీతకొచ్చిన నాగరత్నం కర్ర వైపు చూపించి, "అదుగో, పోలిగాడొచ్చాడు!" అని అరిచింది.

నేను గబుక్కున నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాను.