పదితో ఆగని ఎక్కం

మొన్న సాయంత్రం మా వీధిలో గెలుపు ఊరేగింపు వెళ్లింది. ముందు బాణసంచా పొగ కిటికీలోంచి వచ్చింది, వెనకే నినాదాలు. మనవరాలు చూద్దామని గుమ్మంలోకి పరుగెత్తింది. దాన్ని లోపలికి లాగి గడియ వేశాను. అప్పటికే నా నోట్లో రెండో ఎక్కం నడుస్తోంది. ఈ అలవాటు పార్వతమ్మగారి బడిలో అబ్బింది.

డెబ్బైలలో ఆవిడ నర్సీపట్నంలో ఒక చిన్న బడికి హెడ్‌మిస్ట్రెస్. నేను కొత్తగా చేరిన మాస్టర్ని. ఆ ఏడు పంచాయతీ ఎన్నికలయ్యాక, రావికమతం వైపు ఒక ఊళ్లో ఓడిన కులంవాళ్లు గెలిచిన కులంవాళ్ల వీధికి నిప్పు పెట్టారు. పెద్దలు తలో దిక్కూ పారిపోయారు. చేతికందిన పిల్లల్ని ఎవరో చెరకు బండిలో ఎక్కించి, మీద ఆకు కప్పి, తెల్లవారేసరికి మా బడి ముందు దించారు. వాళ్ల ఒంటినిండా కాలిన తాటాకు వాసన. పార్వతమ్మగారు ఏమీ అడగలేదు. గంజి పోసి, నీళ్లు పోయించి, పాత బట్టలు తెప్పించి కట్టించారు. తరవాత మా పిల్లల మధ్య ఒక్కొక్కరినీ ఇరికించి కూర్చోబెట్టారు. రోజూ డైరీ రాసే నేను ఆ వారం కలం ముట్టలేదు. రాసింది ఎవరి చేతిలోనైనా పడుతుందేమోనని భయం.

వాళ్లలో నాలుగేళ్ల సిన్నమ్మి ఉంది. ఎన్నికల్లో వాళ్ల నాన్న భుజమెక్కి ఊరంతా తిరిగి "నిచ్చెన గుర్తుకే మన ఓటు" అని అరవడం నేర్చుకుంది. ఇప్పుడు రోడ్డు మీద లారీ హారన్ మోగినా సరే, జడుసుకుని కళ్లు మూసుకుని అదే అరిచేది. అది గెలిచినవాళ్ల గుర్తు. ఆ కేక ఒక్కటి బయటికి వినిపిస్తే చాలు, పిల్లలందరి జాడా తెలిసిపోతుంది. మొదటిసారి నేను గబుక్కున దాని నోరు మూశాను.

"సెయ్యి తియ్యి బాబూ. నోరు మూస్తే బిడ్డ మరీ జడుసుకుంటాది," అన్నారు పార్వతమ్మగారు.

"ఎవరైనా వింటారండీ."

"అరవనీ. మనం అంతకంటే గట్టిగా అరుద్దాం."

ఆ రోజు నుంచి ఏ చప్పుడైనా సరే, బడంతా ఎక్కాలు ఎత్తుకునేది.

మూడోనాడు మధ్యాహ్నం ఆ నిప్పు పెట్టినవాళ్లు రానే వచ్చారు. ఐదారుగురు, చేతుల్లో కర్రలు. కర్ర గేటుకి తగిలిన చప్పుడుకే సిన్నమ్మి నోరు తెరిచింది. పార్వతమ్మగారు గుమ్మంలోకి వెళ్తూ చెయ్యి ఊపారు. "రెండొకట్ల రెండు" అని గది దద్దరిల్లింది.

"ఏటి పంతులమ్మగారూ, మా ఊరి పిల్లలు మీ కాడున్నారంట," అన్నాడు ముందున్నవాడు.

"బడన్నాక పిల్లలుండరా? దున్నపోతులుంటాయా?"

"ఎవుల పిల్లలో సెప్పండి."

"ఎక్కాలొచ్చినోళ్లు కొందరు, రానోళ్లు కొందరు. నా కాడ అంతే."

అంతలో "రెండు పదులు ఇరవై" అయిపోయింది. అలవాటు ప్రకారం పిల్లలందరూ ఆగారు. ఆ నిశ్శబ్దంలో సిన్నమ్మి గొంతు ఒక్కటే మిగిలింది. "నిచ్చెన..." అంది. నేను ఆవిడ వైపు చూశాను. పార్వతమ్మగారు వెనక్కి తిరగలేదు గాని, వీపు వెనక ఆవిడ వేళ్లు కొంగును నలిపేస్తున్నాయి. అంతవరకూ ఆవిడకి భయం లేదనుకున్నాను. ఆ వేళ్లు చూశాక నా నోరు పెగిలింది.

"మూడొకట్ల మూడు," అన్నాను. పిల్లలు అందుకున్నారు.

"ఆ బుడ్డది ఏటో ఏరేగా అరుస్తంది?" అన్నాడు వాడు.

"దానికింకా ఎక్కం రాదు. నేర్సుకుంటంది. మీరడ్డం లెగిస్తే బేగి నేర్సుకుంటాది."

వాడు కిటికీ వైపు చాలాసేపు చూశాడు. ఒకే రకంగా ఊగుతున్న తలలు. చివరికి కర్ర భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. వాళ్లు మలుపు తిరిగేదాకా మేం ఎక్కాలు ఆపలేదు. ఆపాక పార్వతమ్మగారు గుమ్మంలోనే కూలబడి మంచినీళ్లు అడిగారు. గ్లాసు నేనే పట్టుకుని తాగించాను.

తరవాత సిన్నమ్మిని వాళ్ల మేనమామ వచ్చి తీసుకెళ్లాడు. పార్వతమ్మగారు పోయి చాలా ఏళ్లయింది. మొన్న ఊరేగింపు దాటేదాకా మనవరాలు నా ఒళ్లోనే ఉంది. "తాతా, ఎక్కం పదితో అయిపోతుంది కదా, ఇంకా చెప్తావేం?" అంది.

"వాళ్లింకా మలుపు తిరగలేదమ్మా," అన్నాను. "రెండు పదకొండ్లు ఇరవైరెండు. నువ్వూ అను."