హాల్వార్ కోసం నెమ్మదించిన వంద సైకిళ్లు

మా పక్కింటి బోర్గిల్ కొడుకు హాల్వార్ పద్నాలుగేళ్లు సైకిల్ తొక్కి బతికాడు. ఒక్క పందెమూ గెలవలేదు. అతన్ని జట్టులో పెట్టుకున్నది గెలవడానికి కాదు. ఇటలీలోనూ ఫ్రాన్సులోనూ నాయకుడికి ఎదురుగాలి తగలకుండా ముందు తొక్కడం, వెనక వచ్చే జట్టు కారు దగ్గరికెళ్లి నీళ్ల సీసాలు జెర్సీలో కుక్కుకుని తెచ్చివ్వడం అతని ఉద్యోగం. పేపర్లో ఒకే ఒకసారి ఫోటో పడింది. అందులో మోచెయ్యి మాత్రమే ఉంది. అది హాల్వార్‌దేనని గుర్తుపట్టింది నేనే.

నిరుడు జూన్‌లో నార్వే ఛాంపియన్‌షిప్ పందెం మా లోయ మీదుగా పెట్టారు. ముందురోజు హాల్వార్ నాకు ఫోన్ చేశాడు. అదే తన చివరి పందెమట. సైకిల్ పందెగాళ్లలో ఒక మర్యాద ఉందట. ఎవరి ఊరు వస్తే వాళ్లను ముందుకు వదిలి, ఇంటివాళ్లను పలకరించేదాకా మిగతావాళ్లు నెమ్మదిస్తారట.

"రేపు నన్ను వదుల్తామన్నారు పిన్నీ. అమ్మ గేటు దగ్గరికొస్తుందంటావా?"

"నువ్వడగలేదూ?"

"అడిగా. పనుందంది. ఎవరూ లేని గేటు ముందు ఆగి, అందర్లో నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

ఫోన్ పెట్టేసి నేరుగా బోర్గిల్ వంటింట్లోకి వెళ్లాను.

"ఏమే, వాడొస్తుంటే లోపల కూర్చుంటావా?"

"గేటెక్కి చేతులూపమంటావా? బోర్గిల్‌కి కళ్లు నెత్తికెక్కాయంటారు. నా వల్ల కాదు."

మా లోయ అంతే. సొంత బిడ్డను పదిమందిలో మెచ్చుకున్నవాళ్లని దుకాణం దగ్గర ఏడాదిపాటు ఎత్తిపొడుస్తారు. బతిమాలి లాభం లేదనిపించింది.

"పోనీ, గేటు పక్క బంగాళాదుంపల మడిలో కలుపు తియ్యవే. నీ మడి, నీ కలుపు. ఎవడేమంటాడు?"

కిటికీలోంచి మడి వైపు చూసింది. "కలుపైతే ఉందిలే," అంది.

మర్నాడు పొద్దున్నే వచ్చి, రోడ్డుకు వీపు పెట్టి మడిలో మోకాళ్ల మీద కూర్చుంది. జనం కంచెల పొడుగునా నిలబడ్డారు. హాల్వార్ ఒక్కడే మలుపు తిరిగి వచ్చి, గేటు ముందు కాలు నేలకు ఆనించాడు. బోర్గిల్ లేవలేదు.

"అమ్మా."

అప్పుడు లేచింది. చేతుల నిండా మట్టి.

"చిక్కిపోయావ్. పోరా, పో! వెనకవాళ్లు దాటేస్తారు."

"దాటరమ్మా. నాకోసమే నెమ్మదించారు."

ఆమె మలుపు వైపు చూసింది. వంద సైకిళ్లు నడక వేగంతో వస్తున్నాయి. ముందున్నతను చెయ్యి చాచి వెనకవాళ్లను ఆపుతున్నాడు.

"ఇంతమందీనా? నీకోసమా?"

"ఆఁ."

బోర్గిల్ ఆ మట్టిచేతులతోనే కొడుకు మెడ వాటేసుకుని, రోడ్డంతా వినబడేలా అరిచింది: "వీడు మా అబ్బాయి!"

అది తెలియనివాళ్లు ఆ రోడ్డు మీద లేరు. అయినా ఎవరూ నవ్వలేదు. అందరూ చప్పట్లు కొట్టారు.

హాల్వార్ ఆ రోజు అరవై మూడో స్థానంలో వచ్చాడు. సోమవారం దుకాణంలో, ఎవరూ అడక్కుండానే, బోర్గిల్ ఆ సంగతి మూడుసార్లు చెప్పింది.