దేవరాజులు కొడుకు ఎర్ర గిటారు

ఎనిమిది మరమగ్గాలు ఒక్కసారిగా ఆడుతుంటే పక్కన నిలబడ్డ మనిషి మాట కూడా వినపడదు. అంత రొదలోనూ ఏ మగ్గంలో పోగు తెగిందో నగరి దేవరాజులు వరండాలో కూర్చునే చెప్పేవాడు. ఆ చెవులే కొడుకు మునిరత్నానికీ వచ్చాయి. వాడు వాటిని తీసుకుపోయి తిరుపతిలో ఒక రాక్ బృందానికి అప్పజెప్పాడు. వాడు ఎర్ర ఎలక్ట్రిక్ గిటారు మీటితే రేణిగుంటలో సిగ్నల్ పడ్డ రైలు కూడా కదిలేది కాదట. ఇది తగ్గించి చెప్పిన మాటే.

2002లో కామెర్లు మునిరత్నాన్ని తీసుకుపోయాయి. కర్మక్రియల నాడు ఆ గిటారు కోసం ఇద్దరు వచ్చారు. ఒకరు మునిరత్నం బావమరిది జయరావు. అతనికి తిరుపతిలో హోటలుంది. ఇంకొకరు మునిరత్నం బృందంలో కొత్తగా చేరిన నందిత. ఆ పిల్లకు వాయించడానికి కావాలి.

“అద్దాలపెట్టెలో పెట్టి హోటల్లో గోడకు తగిలిస్తాను మామా. వచ్చేపొయ్యేవాళ్లంతా చూస్తారు,” అన్నాడు జయరావు.

“చూసేదానికి అదేమన్నా జింక తలకాయంట్రా?”

దేవరాజులు ఇంట్లో ఒక పద్ధతుంది. మగ్గం ఎవరి చేతికి ఇవ్వాలన్నా, వాళ్లు ముందుగా అందరి ఎదుటా జానెడు గుడ్డ నేసి చూపాలి.

“జానెడు వాయించు పాపా,” అన్నాడు.

కర్మ జరిగిన ఇంట్లో పాటలేమిటని చుట్టాలు గొణిగారు. నందిత మునిరత్నం ఆంప్లిఫయర్‌ను మగ్గాల కొట్టంలోని ప్లగ్గుకే తగిలించి మొదలుపెట్టింది. నాలుగు వరసలైనా కాలేదు, దేవరాజులు చెయ్యెత్తాడు.

“ఆపు. మూడో తీగ సడలిండాది.”

“లేదు తాతా, సరిగ్గానే ఉండాది.”

“మళ్లా సూడు.”

ఆ పిల్ల తీగను ఒంటిగా మీటి, చెవి ఒగ్గి విని, సిగ్గుపడి బిగించింది. జయరావు నవ్వాడు.

“తీగ సడలింది కూడా తెలీనిదానికి ఇస్తావా మామా?”

“తెలీకపోతే ఏమప్పా, చెప్తే నిలిపి సరిచేసుకునింది. నా కొడుకైతే సడల్లేదని గంటసేపు కొట్లాడతా ఉండె. ఆయమ్మికే ఇస్తా ఉండాను.”

నందిత పాట పూర్తిచేసేదాకా గొణిగిన చుట్టాలలో ఒక్కరూ లేచి పోలేదు.

నందితను బస్సెక్కించడానికి బయల్దేరినప్పుడు గిటారును ఎవరినీ ముట్టనివ్వలేదు దేవరాజులు. డెబ్బై ఏళ్ల భుజాన తనే వేసుకుని, వీధి నడిమధ్యన నడిచాడు. ఆ వీధిలోనే ఉండే గంగులమ్మ అరుగు మీద నుంచి పలకరించింది.

“యాడికన్నా, అది ఎత్తుకోని?”

“తిరుపతి బస్సెక్కించేదానికి,” అన్నాడు ఆగకుండా. “నా కొడుకు గిటారు పనికి పోతా ఉండాది.”