జనానా పరదా వెనక బొమ్మల పాట

మా బోధన్‌లో టాకీసు ఆడవాళ్ల గేటు దగ్గర కూర్చునే ఖాలా, ఊరందరికీ పిన్ని, మొన్న శుక్రవారం పోయిందని తమ్ముడు ఉత్తరం రాశాడు. చదవగానే ఏడుపు కన్నా ముందు భయమేసింది. ఆ టాకీసు చీకట్లో మళ్లీ, ఈసారి ఆమె లేకుండా, కూర్చున్నట్టయింది.

నాకప్పుడు ఎనిమిదేళ్లు. ఆదివారం మ్యాట్నీకి అసలు సినిమా కంటే ముందు బొమ్మల రీలు ఒకటి వేసేవాళ్లు. మాటలుండవు, అంతా సంగీతమే. గుమ్మడికాయ డోలు కొట్టేది, కుర్చీలు చిందేసేవి, కప్ప ఫిడేలు వాయించేది. చూడ ముచ్చటగానే ఉండేది, నేను మాత్రం భయంతో కళ్లు మూసుకునేదాన్ని. ఇంటికెళ్లాక మా పీట కూడా లేచి ఆడుతుందేమోనని దాని మీద కూర్చునేదాన్నే కాదు. ఖాలా టికెట్టు చింపి, సగం ముక్క నా అరచేతిలో పెట్టి వేళ్లు మడిచి, పక్కనే చతికిలబడేది. "కండ్లు మూసుకోకు బిడ్డా. మూసుకుంటే గది ఇంకింత పెద్దగైతది" అనేది. తనూ నోరు తెరుచుకుని చూసేది.

మగవాళ్ల బెంచీలు ముందు, మా జనానా బెంచీలు వెనక. మధ్యన నల్ల పరదా. దీపాలు ఆరాకే ఖాలా దాన్ని పక్కకు జరిపేది, వెలిగీ వెలగకముందే మూసేసేది. ఆ పనిలో ఆమెకు ఎవరూ వంక పెట్టలేరు.

ఒక ఆదివారం ఫిడేలు మధ్యలో కప్ప ఆగిపోయింది. దాని పొట్ట మీద మచ్చ పడి, బుడగలు లేచి, తెరంతా తెల్లబడింది. రీలు అంటుకుంది. ఆపరేటర్ గది సరిగ్గా మా తలుపు మీదే, పొగ అటునుంచే దిగింది. దీపాలు వెలిగాయి. వెలగగానే ఖాలా చెయ్యి అలవాటు కొద్దీ పరదా మూసేసింది. ఇక మగవాళ్ల వైపు నుంచి తప్ప మాకు దారి లేదు. అయినా ఒక్క ఆడమనిషి ఆ పరదాను ముట్టలేదు. దగ్గుతూ కొంగులు ముఖాన కప్పుకున్నారు. నేను నాతో వచ్చిన చెల్లెలి చెయ్యి పట్టుకున్నాను. ఇద్దరం ఇక్కడే చచ్చిపోతామనుకున్నాను.

ఖాలా రెండు చేతులా వేలాడి పరదాను కడ్డీతో సహా పీకేసింది. "నా ఎంబడి నడువుండ్రి" అని బురఖా ఎగగట్టి, మగవాళ్ల బెంచీల మధ్య నుంచి ముందు నడిచింది. పిల్లలు చెదరకుండా ఆ కప్ప రాగమే గొంతెత్తి తీసింది. ఈ రోజు నేనిది రాస్తున్నానంటే ఆమె చలవే.

అందరం బయటపడ్డాక ఆమె ఎండలో మెట్ల మీద కూర్చుంది. జనం మెచ్చుకుంటున్నారు. నేను నీళ్లిస్తే తాగకుండా గ్లాసు పక్కన పెట్టింది. నాకు మాత్రమే వినబడేలా, "పరదా మూసింది నేనే గద బిడ్డా" అంది. ముఖం కప్పుకోవడం కూడా మరిచి, ఎదురుగా నిలబడ్డ ఆడవాళ్ల తలలు లెక్కపెట్టింది. అయిపోగానే మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టడం మొదలుపెట్టింది.