నా ఒక్కడికే నిబంధన

ఆఫీసులో అయిదుగురం ప్రోగ్రాములు రాసేవాళ్లం. సర్వర్ ఆపకుండానే మార్పులు చూసుకునే సౌకర్యాన్ని నలుగురికి ఉంచి, నా ఒక్కడికే తీసేశారు. అది అన్యాయం. అప్పుడూ అదే అన్నాను, ఇప్పుడూ అదే అంటాను.

నిన్న బంగారుపాళ్యం దాటుతుంటే బస్సు కిటికీలోంచి ఉడుకుతున్న మామిడి గుజ్జు వాసన కొట్టింది. వాసనతో కోపం, కోపం వెనకే రాజ్యలక్ష్మిగారు గుర్తుకొచ్చారు. రేణిగుంటలో ఆ చిన్న ఆఫీసు ఆమెదే. నాకంటే ఇరవయ్యేళ్లు చిన్న. నగరిలో మరమగ్గాలు బాగుచేస్తూ, పాత పుస్తకాలు కొనుక్కుని జావా నేర్చుకున్న నాకు యాభై దాటాక ఉద్యోగమిచ్చిన మనిషి. అంతకుముందు మూడు చోట్ల డిగ్రీ లేదనగానే మంచినీళ్లిచ్చి పంపేశారు. ఈమె కాగితాలు అడగలేదు. కంప్యూటరు ముందు కూర్చోబెట్టి, "ఈ పేజీ తెరుసుకోవడంల్యా. ఎందుకో సూడండన్నా" అన్నారు. సాయంత్రానికి కారణం చెప్పాను. "రేపట్నించి రాండి" అన్నారు.

బంగారుపాళ్యం గుజ్జు ఫ్యాక్టరీలో లారీలకు టోకెన్లిచ్చే ప్రోగ్రాం మాదే. ఏ రకం కాయ ఏ గేటుకు పోవాలో చెప్పే పట్టికను అది సర్వర్ మొదలైనప్పుడు ఒక్కసారే చదివి గుర్తుపెట్టుకుంటుంది. మంచి మామిడి కాలంలో, వేరే మార్పేదో చేస్తూ, ప్రోగ్రాంలో ఆ పట్టికను చదవమని చెప్పే వరస చెరిపేశాను. చెరిపింది నేనే, కాదనను. కానీ మా ఆఫీసు సర్వర్ నడుస్తూనే ఉంది. నా మార్పును దానంతటదే తీసుకుంది. ముందే చదివిన పట్టిక మాత్రం దాని తలలో చెక్కుచెదరకుండా ఉండిపోయింది. సాయంత్రం దాకా ప్రతి టోకెనూ సరిగ్గా వచ్చింది. ఫ్యాక్టరీకి పంపేశాను. మర్నాడు పొద్దున ఫ్యాక్టరీలో సర్వర్ కొత్తగా మొదలైంది. పట్టిక లేదు, టోకెన్లు లేవు. లారీలు హైవే దాకా ఎండలో నిలిచిపోయాయి.

"మార్చిందంతా అదే తీసుకుంటాదని పుస్తకంలో రాసుండారు మేడం! ఆ అబద్ధం రాసినోళ్లను అడగండి!" అని అరిచాను.

ఆమె అరవలేదు. "అన్నా, మగ్గంలో పేక కండె అయిపోతే ఏంజేస్తారు?"

"నూలు చుట్టిన కొత్తది పెడతాం."

"పడుగు?"

"అట్నే ఉంటాది. మొదట్లో ఒక్కసారే ఎక్కించే నిలువు పోగులు గదా, దాన్నెందుకు మారుస్తాం?"

"మరి పడుగులో తప్పుంటే, కండె మారిస్తే పోతాదా?"

మర్నాడు నా సౌకర్యం తీసేశారు. ప్రతి చిన్న మార్పుకూ సర్వర్ ఆపి, మళ్లీ మొదలుపెట్టి చూడాలన్నారు.

"అందరమూనా?"

"మీరొక్కరే."

"డిగ్రీ ల్యాదనేనా?"

ఆమె తన కంప్యూటరు వైపు తిరిగిపోయారు. పక్క సీటు శీను, "టీ తాగొద్దాం రా అన్నా, అంతలోకి నీ సర్వర్ నిద్రలేస్తాదిలే" అని నవ్వేవాడు. ఒళ్లు మండేది.

ఆ మంటతోనే, సర్వర్ లేచేటప్పుడు తెరమీద పరుగెత్తే వరసల్ని చదవడం మొదలుపెట్టాను. ఏ పని ఒక్కసారే జరుగుతుంది, ఏది ప్రతిసారీ జరుగుతుంది, పాతది ఎక్కడ పట్టు వదలకుండా కూర్చుంటుంది, అన్నీ కళ్లకు కట్టాయి. ఏ పుస్తకమూ నాకది చెప్పలేదు. ఒకరోజు శీను ఎంత మార్చినా పాత జవాబే వస్తోందని మధ్యాహ్నం దాకా జుట్టు పీక్కున్నాడు. "ఆపి లేపు నాయనా" అన్నాను. సరిపోయింది. ఆ తర్వాత వాడు నవ్వలేదు. ఈ రోజుకీ మొదటినుంచి నడిపి చూడకుండా నేను ఏ పనీ ఎవరి చేతికీ ఇవ్వను. ఆ గుణం ఆమె పెట్టిన భిక్ష.

అయినా అన్యాయం అన్యాయమే కదా. ఆఫీసు మూసేశాక ఆమె చిత్తూరులో పిల్లలకు పాఠాలు చెబుతున్నారు. ఇన్నేళ్లూ అడగనిది, నిన్న బస్సులోంచే ఫోనులో రాసి పంపాను: "మేడం, ఆ నిబంధన నా ఒక్కడికే ఎందుకు పెట్టినారు?"

తిరుపతి చేరేలోపు జవాబు వచ్చింది.

"ఫ్యాక్టరీవాళ్లు మిమ్మల్ని తీసేయమన్నారన్నా. ఇంక ప్రతిసారీ ఆపి సూసే ఇస్తాడు, పూచీ నాది అని సెప్పినాను. ఆ మాట ఆ పొద్దే మీకు సెప్పింటే, సంచి తీసుకొని నగరి బస్సెక్కేసుండేవాళ్లు. ఎక్కేసుండరా?"