రెండు వేళ్ల దీక్ష

గిటారు తీగలు మీటే పిక్కు గురించి నన్నెవరూ అడక్కపోవడమే మంచిది. అడిగితే బస్సు తప్పిపోయేదాకా చెబుతాను. పల్చటిదా మందపుదా, కొస మొనదేలి ఉండాలా గుండ్రంగా ఉండాలా, కొత్తది నయమా అరిగినది నయమా అని. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు చుట్టుపక్కల పెళ్లిళ్లలో వాయించే ఆర్కెస్ట్రాలో పద్నాలుగేళ్లుగా గిటారు నాది. మిగతావాళ్లకు పిక్కంటే ఉత్త ప్లాస్టిక్ ముక్క. మా డ్రమ్ ప్యాడ్స్ వాయించేవాడు ఒకసారి నా పిక్కుతో పళ్లలో ఇరుక్కున్న పీచు తీసుకున్నాడు. వారం రోజులు వాడి మొహం చూడలేదు.

నాకు పల్చటి పిక్కే ఇష్టం. పాడేవాళ్ల వెనక గంటల తరబడి కొట్టుకుంటూ పోయేవాడికి అదే సుఖం. తీగ తగలగానే వంగుతుంది, చెయ్యి కాస్త మొరటుగా పడినా మెత్తగానే వినిపిస్తుంది. మందపు పిక్కు వాడేవాళ్లంటే నాకు లోలోపల చులకన ఉండేది. తీగతో కొట్లాటకు దిగేవాళ్లు అనుకునేవాణ్ని. అయితే ఒక్కటి దాచడం పల్చటిదానికి చేతకాదు. చెయ్యి వణికితే దానికి రెండింతలు వణుకుతుంది. ఆ సంగతి సిగరెట్టు మానినప్పుడే తెలిసింది.

సిగరెట్టును నేను బీడీలాగే బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య పట్టుకుంటాను. పిక్కు పట్టేదీ ఆ రెండు వేళ్లతోనే. అందుకే పాటలో ఉన్నంతసేపు సిగరెట్టును గిటారు కొన దగ్గర తీగ చివర్లకు గుచ్చి ఉంచేవాణ్ని. అక్కడ చెక్క మీద ఇప్పటికీ నల్లటి మచ్చలున్నాయి. మానాలని చూడకపోలేదు. పెళ్లప్పుడు ఒకసారి, బిడ్డ పుట్టినప్పుడు ఒకసారి, దవాఖానలో డాక్టరు గొట్టం ఇచ్చి ఊదమని, నేను ఊదింది చూసి తల పట్టుకున్నప్పుడు ఒకసారి. అన్నిటికన్నా ఎక్కువ ఆగింది తొమ్మిది రోజులు. ఆ తొమ్మిది రోజులూ ఇంట్లోవాళ్ల మీద ఎంత ఎగిరానో తలచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది. నువ్వు తాగడమే మేలు అని నా భార్యే అనేసింది.

మాది నేత ఇల్లు. మా నాయన గద్వాల చీరలు నేస్తాడు. నేను నేర్చుకుని వదిలేసినవాణ్ని. ఏటా మా ఊరి నుంచి కొండ మీది స్వామికి జోడు పంచెలు వెళ్తాయి. అవి నేసేవాళ్లు నలభై ఒక్క రోజులు దీక్షలో ఉండాలి. పొద్దున్నే స్నానం, ఒక్క పూట భోజనం, చాప మీద పడక. మాంసం, మందు, పొగ ఏదీ ముట్టకూడదు. పంచె బాగా వెడల్పు కాబట్టి మా ఇంట్లో ఇద్దరు పక్కపక్కన కూర్చుని నేస్తారు. అడ్డదారం మోసుకుపోయే నాడెను ఒకరు విసిరితే రెండోవారు అందుకుని తిరిగి విసరాలి. ఏళ్ల తరబడి నాయన పక్కన మా చిన్నాయన కూర్చునేవాడు. పోయినేడు ఆయన మోకాళ్లు మొండికేశాయి. నాయన నన్నడిగాడు.

"పద్ధతి నీకు తెలుసు గదా బిడ్డా. ఆగగలుగుతనంటేనే కూసో."

ఆగుతానన్నాను. నాకు భక్తి పొంగిపొర్లి కాదు. నా వల్ల కాని పనిని దేవుడి నెత్తిన పెట్టేద్దామని. ఆయన పంచె చేతిలో ఉండగా సిగరెట్టు ముట్టుకునే ధైర్యం ఎవడికుంటుంది, నలభై ఒక్క రోజుల్లో అలవాటే చచ్చిపోతుంది అని నా ధీమా.

మొదటి వారం తల ప్రాణం తోకకొచ్చింది. మగ్గం దగ్గర మాత్రం బాగానే ఉండేది. నాడె అటు పోయి ఇటు వస్తుంటే చెయ్యికి వేరే ఆలోచన ఉండదు. సాయంత్రం గిటారు తీసుకుంటేనే అసలు బాధ. వేళ్లు వణికేవి. పల్చటి పిక్కు ఒక్కో తీగకు రెండుసార్లు తగిలి టకటకమనేది. నాలుగు పిక్కులు మార్చాను, చివరికి విసుగెత్తి ఒకటి విరిచేశాను. నాయన వరండాలో కూర్చుని అంతా వింటున్నాడు. మర్నాడు మా తాత కాలంనాటి విరిగిన కొమ్ము నాడె ముక్క ఒకటి తీసి, ఆకురాయితో రుద్ది రుద్ది, పిక్కు ఆకారానికి తెచ్చి నా చేతిలో పెట్టాడు. ఇది వంగదు, దీన్ని పట్టుకుని చూడమన్నాడు. బర్రె కొమ్ముది, నల్లగా, మందంగా ఉంది. దానితో మెత్తగా వాయించాలంటే చెయ్యే మెత్తబడాలి. మొదటి రెండు రోజులు తిట్టుకున్నాను. మూడోనాటికి వణుకు వినిపించడం తగ్గింది. నాయన గిటారు గురించి ఏమీ తెలియకుండానే అది ఎలా కనిపెట్టాడో నాకిప్పటికీ ఆశ్చర్యమే.

ఇరవై నాలుగో రోజు ఆదివారం. వనపర్తిలో పగటిపూట పెళ్లి విందు. దీక్ష సంగతి తెలియక ముందే వస్తానని మాటిచ్చాను. మాట తప్పొద్దు, పోయి రా, మంచినీళ్లు తప్ప ఏదీ ముట్టకు అని నాయన పంపాడు. అక్కడ నాకు పొగరెక్కింది. నలుగురి ముందు ఆ కొమ్ము ముక్క ఏం తీస్తానని జేబులో ఉంచి, పాత పల్చటి పిక్కు తీశాను. మూడో పాట మధ్యలో అది వేళ్లలోంచి జారి ఎగిరి జనంలో పడింది. పాడే అమ్మాయి వెనక్కి తిరిగి చూసింది. ముందు వరసలో ఎవరో నవ్వారు. పాట అయ్యాక టెంటు వెనక్కి పోతే ప్యాడ్స్‌వాడు జాలిపడి, ఒక్కటి లాగు అన్నా, చెయ్యి కుదురుతుంది అని ముట్టించి ఇచ్చాడు. వాడిదేం తప్పు లేదు. నేను వద్దనలేదు. చివరిదాకా తాగాను. చెయ్యి కుదిరింది కూడా. దానికే నాకు ఎక్కువ అసహ్యమేసింది.

ఇంటికొచ్చి తలస్నానం చేశాను. సోమవారం మగ్గం మీద కూర్చున్నాను, మంగళవారం కూర్చున్నాను. మూరెడు గుడ్డ అయింది. నాయన నాడె విసురుతున్నాడు, నేను అందుకుంటున్నాను. ఆయన నా వైపు చూడటం కూడా లేదు, పక్కన కూర్చున్నవాడి మీద నమ్మకంతో విసిరేస్తున్నాడు. బుధవారం పొద్దున నాడె నా చేతికి వచ్చింది, తిరిగి విసరలేకపోయాను.

"నాయినా, ఆదివారం వనపర్తిల సిగరెట్టు తాగిన."

ఎన్ని అని అడిగాడు. ఒక్కటే అన్నాను. నిలువు పోగుల పడుగు మీద అరచెయ్యి ఆనించాడు. కొడతాడేమో, లేచి పొమ్మంటాడేమో అనుకున్నాను. పొమ్మంటే బాగుండుననీ అనుకున్నాను.

"దేవుడు ఏమనుకుంటడో నాకు తెల్వదు. నాకైతే తెలిసింది గదా. ఇప్పుడు ముందుకు నెయ్యలేను. ఆదివారం తర్వాత నేసిందంత విప్పుదాం."

నేసిన గుడ్డను విప్పడం నేయడం కన్నా కష్టం. ఒక్కో దారం తీసేటప్పుడు పడుగు తెగకూడదు. అంచు, పంచె నడిమి భాగం కలిసిన చోట ముడులుంటాయి, అక్కడ సూదితో పని. రెండు రోజులు పట్టింది. ఆయన నడుం పట్టుకుని లేవడం చూస్తుంటే నా మీద నాకే ఉమ్మెయ్యాలనిపించింది. మగ్గం చప్పుడు రావడం లేదేమని అమ్మ వచ్చి అడిగితే, తప్పు పడ్డది, ఇద్దరం విప్పుతున్నం అని మాత్రం చెప్పాడు. ఎవరి తప్పో చెప్పలేదు.

మిగిలిన రోజులు నిష్ఠగా గడిచాయి. పంచెలు పూర్తయ్యాయి, పూజ జరిగింది, మా ఊరి పెద్దలు తీసుకుపోయారు. ఆ సాయంత్రం అమ్మ సంబరంగా జొన్నరొట్టెలు, మాంసం కూర చేసింది. మంచం మీద కొత్త దుప్పటి పరిచింది. నాయన కంచం ముందుకు రాలేదు. ఒక్క పూట తిన్నాను, చాలన్నాడు. చాప తీసి పరుచుకున్నాడు. దీక్ష అయిపోయింది కదా అని అమ్మ గట్టిగానే అడిగింది.

"వానిది ఇంక అయిపోలే. నాదెట్ల అయితది?"

అమ్మ నా వైపు చూసింది. నాయన నన్ను దగ్గరికి పిలిచి, కోపం లేకుండా, బజారు నుంచి ఏదో తెమ్మన్నంత మామూలుగా చెప్పాడు.

"తాగాలని యాదికి వస్తలేదని నువ్వు ఎన్నడు చెప్తవో, ఆనాడు మంచమెక్కుత. తొందర లేదు. దొంగమాట మాత్రం చెప్పకు."

రెండు నెలలు నిలబడ్డాను. అలంపూర్‌లో ఒక ఫంక్షన్ అయ్యాక బస్సు కోసం నిలబడి, ఎందుకో ఇప్పటికీ చెప్పలేను, ఒకటి కొనుక్కుని తాగేశాను. ఇంటికి వచ్చేసరికి నాయన మధ్యాహ్నం అన్నం ముందు కూర్చున్నాడు, రోజు మొత్తానికి ఆయన తినేది అదొక్కటే. ఆయన తిన్నాక చెబుదామనుకున్నాను, నా మొహమే చెప్పేసింది. పంచెలు పంపి ఎన్ని రోజులాయె అని అమ్మనడిగాడు. ఆమె లెక్కపెట్టుకోకుండానే అరవై మూడు అంది. సరే, రేపటి సంది ఒకటి అని, అన్నంలో మజ్జిగ పోసుకుని తినడం మొదలుపెట్టాడు.

ఆ తర్వాత నేను సిగరెట్టు ముట్టలేదు. ఆరు నెలలు దాటింది. చెయ్యి వణకడం లేదు, మెట్లెక్కితే ఆయాసం లేదు. నాయనకు డెబ్బై దాటాయి, బనీను వదులైంది. అమ్మ నన్ను వంటింట్లోకి లాగి బతిమాలుతుంది. ఒక్క మాట చెప్పెయ్యి, యాదికి వస్తలేదని చెప్పు, ముసలాయన రెండు పూటలా తిని మంచం మీద పండుకుంటడు అంటుంది. చెప్పాలని నాకూ ఉంటుంది. రోజూ పొద్దున టీ తాగగానే ఆ రెండు వేళ్లు వాటంతట అవే దగ్గరికి వస్తాయి.

ఈ పొద్దున చాప చుడుతూ నాయన అడిగాడు, యాదికొచ్చిందా అని. వచ్చింది నాయినా అన్నాను. తల ఊపి, చాపను గోడకు ఆనించి, స్నానానికి పోయాడు.